బిషప్పుగారి తెడ్డు

ఆ వేసవంతా నా వీపు మీద ఒక తెల్లటి చెయ్యి ఉండేది. ఐదు వేళ్ళూ విడివిడిగా కనిపించే పిండి చెయ్యి.

మా ఆయన రొట్టెలు చేస్తాడు. పిండి మర్దిస్తూ ఉన్నప్పుడు నేను అటుగా వెళ్తే చాలు, ఒక్క క్షణం పని ఆపి నన్ను దగ్గరికి తీసుకునేవాడు. ఆ తర్వాత నేను ఏమీ ఎరగనట్టు ముందు గదిలో ఉన్న కొట్టులోకి వెళ్ళి రొట్టెలు అమ్మేదాన్ని. అరలోంచి రొట్టె తీయడానికి వెనక్కి తిరిగినప్పుడల్లా, కొనడానికి వచ్చినవాళ్ళు దగ్గేవాళ్ళు. ఊరందరికీ ఒకేసారి గొంతు పట్టేసిందని జాలిపడ్డాను. గల్లాపెట్టె దగ్గర కూర్చునే మా మామగారు చూసి చూసి, ఒకరోజు పేపర్లోంచి తల ఎత్తకుండానే, బల్ల దులిపే చిన్న బ్రష్షు నా వైపు జరిపారు.

"వీపమ్మా" అన్నారు. అంతే.

ఆ రోజు నేను పైకి పరిగెత్తి తలుపేసుకున్నాను. మర్నాటికి సిగ్గు పోయింది. బ్రష్షు మాత్రం నా పేరు మీద గోడకి ఒక మేకు సంపాదించుకుంది. దాని పక్క మేకుకి మామగారి గడ్డిటోపీ వేలాడేది. ఎండలో అడుగు పెట్టని మనిషికి అంత వెడల్పాటి టోపీ ఎందుకో అడగాలని నాకు తోచలేదు. కొత్తగా పెళ్ళైన వాళ్ళకి తోచనివి చాలా ఉంటాయి.

మా గది సరిగ్గా బట్టీ పైన. ఇటుకలతో కట్టిన, గుహలాంటి బట్టీ అది. దాని వేడికి మా నేల ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేది. వేసవికాలం బట్టీ మీద కాపురమేమిటే అని స్నేహితురాళ్ళు బాధపడ్డారు గాని, దిండ్లు కూడా రొట్టె వాసన వేసే గదిలో కళ్ళు తెరవడం ఎంత బాగుంటుందో వాళ్ళకెలా చెప్పను? నిద్ర లేస్తూనే ఆకలి, ఆకలితో పాటే నవ్వు. మంచం కూడా కొత్తది. మా పెళ్ళికని వడ్రంగి మిగిలిన పనులన్నీ పక్కన పడేసి మరీ చేశాడు. జరిగినదాంట్లో ఆ మంచానికీ వాటా ఉంది కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

ఇక బిషప్పుగారు. బట్టీ నోటికి పైన, గోడ మీద ఆయన పటం ఉండేది. తల మీద కిరీటం, చేతిలో రొట్టెలు లోపలికి తోసే పొడుగాటి తెడ్డు, తెడ్డు మీద మూడు గుండ్రటి రొట్టెలు. అసలు పేరు పునీత హొనొరాతుసు. రొట్టెలు చేసేవాళ్ళని కాపాడే పాలక పునీతుడు. ఆ పేరు నోరు తిరగక మా ఇంట్లో అందరూ బిషప్పుగారు అనేవారు, మేడ మీద అద్దెకున్న పెద్దమనిషిని అన్నట్టు. రోజూ బట్టీలోంచి వచ్చే మొదటి రొట్టె ఆయన ముందు పెట్టాలి. చల్లారాక దాన్ని మామగారు తినాలి. పొగకీ పిండికీ పటంలో బిషప్పుగారి మొహం మసకబారినప్పుడల్లా మా అత్తగారు స్టూలెక్కి, చంటిపిల్లాడికి తుడిచినట్టు తడిగుడ్డతో తుడిచేవారు.

మా అత్తగారు బట్టీకి యజమానురాలు. మణికట్లు నొప్పి చేసి తెడ్డు కొడుకు చేతికి ఇచ్చారు గాని, అధికారం ఇవ్వలేదు. పిండి ముద్దని వేలితో ఒక్కసారి నొక్కి, "ఇంకా నిద్రపోతోంది, లేపకు" అనేవారు. ఆవిడ అన్నాక ఇక ఆ ముద్ద జోలికి ఎవరూ వెళ్ళేవారు కాదు.

బిషప్పుగారి కథ నాకు చెప్పిందీ ఆవిడే, పిండి జల్లిస్తూ.

"పునీతుడు పునీతుడంటారు గాని, ఆయన్ని సాకిన దాది మాట ఎవరైనా ఎత్తుతారా? చిన్నప్పుడు అల్లరంటే అల్లరి కాదట. ఆవిడే ముక్కు తుడిచింది, ఆవిడే తిండి పెట్టింది. ఒకరోజు బట్టీ ముందు నిలబడి రొట్టెలు కాలుస్తుంటే కబురొచ్చింది, మీవాడు బిషప్పయ్యాడని. ఆవిడేమందో తెలుసా? వాడా, బిషప్పా, నా చేతిలో తెడ్డు చిగురేస్తే అప్పుడు నమ్ముతాను అంది. అంతే. తెడ్డు అక్కడికక్కడే వేళ్ళు దించి, ఆకులేసి, మల్బరీ చెట్టై కూర్చుందట. పూలు, కాయలు, సమస్తం."

"అప్పుడు నమ్మిందా అత్తయ్యా?"

"నమ్మక ఏం చేస్తుంది? నా బాధంతా వేరే. ఆ పూట రొట్టెలు మాడిపోయుంటాయి కదా. ఆ సంగతి మాత్రం ఒక్కడూ రాయలేదు."

ఆ కథ మూలంగానే మా ఇంట్లో తెడ్డు కర్ర ఎప్పుడూ మల్బరీదే ఉండాలి. ప్రతి ఏడూ బిషప్పుగారి పండగకి కొత్త తెడ్డు చేయించి, ఆయన పటం కింద నిలబెట్టి, తొమ్మిది సాయంత్రాలు నవదిన ప్రార్థనలు చేసి, పండగనాడు ఫాదర్ గారిచేత ఆశీర్వదింపజేసి పనిలోకి దించుతారు. పాత తెడ్డుని అదే రోజు బట్టీలో వేసి, ఆ మంట మీద బిషప్పుగారి రొట్టె కాలుస్తారు. కర్రని వడ్రంగి చలికాలంలోనే కొట్టి, చెక్కు తీసి, ఆరబెట్టి ఉంచుతాడు. ఆ ఏడు చలికాలమంతా మా మంచంతోనే సరిపోయింది అతనికి. చివరికి గుర్తొచ్చి, తన కొట్టం వెనకాల మల్బరీ చెట్టు నుంచి ఒక కొమ్మ కొట్టి, ఒక కొసకి పలక బిగించి, బెరడుతో సహా పట్టుకొచ్చాడు.

అత్తగారు కర్ర మీద చెయ్యి వేసి చూశారు. "ఇదేమిట్రా, చొక్కా విప్పకుండా వచ్చింది?"

"పట్టు జారదు కదాని ఉంచేశానమ్మగారూ" అన్నాడు వడ్రంగి. "మంచం బాగా కుదిరిందా?"

నేను వంటింట్లోకి పారిపోయాను.

తెడ్డుని పటం కింద, నిప్పంటుకుంటే చల్లడానికి ఉంచిన ఇసుక బకెట్టులో గుచ్చి నిలబెట్టారు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గరే మా ఆయన సముద్రం మాట ఎత్తాడు.

సముద్రం చూపిస్తానని నాకు పెళ్ళికి ముందే మాటిచ్చాడు. నేను చదివింది వృక్షశాస్త్రం. సముద్రపు నాచు గురించి పరీక్షలో పేజీలకు పేజీలు రాసి, బొమ్మలు వేసి, మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. సముద్రాన్ని మాత్రం ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. ఆ మాట విని తను నవ్వలేదు. అందుకే నచ్చాడు నాకు. మూడు రోజులు చాలు, పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి అలల్లో ఉంటాం అన్నాడు. అప్పటినుంచీ ఆ మూడు రోజుల్నీ నేను మనసులో ఎన్నిసార్లు గడిపేశానో.

కాని అతను లేకపోతే బట్టీ లేదు. బట్టీ లేకపోతే కొట్టు లేదు. ఆ కొట్టు ఒక్కరోజు మూసిన పాపాన ఎవరూ పోలేదు.

"మూడు రోజులా?" అన్నారు అత్తగారు. "మరి తల్లిపిండి?"

తల్లిపిండంటే రొట్టె పొంగడానికి కలిపే పులిసిన పిండి. జాడీలో ఉంటుంది. రోజూ కాస్త పిండీ నీళ్ళూ పెట్టి సాకాలి, లేకపోతే చచ్చిపోతుంది. అత్తగారు దాన్ని పెళ్ళైనప్పటినుంచీ సాకుతున్నారు. మా ఆయనకంటే వయసులో పెద్దది. ఆయనకంటే మాట వింటుందని కూడా అనేవారు.

"ఎవరికైనా అప్పజెబుదామమ్మా."

"నిన్ను అప్పజెప్పానా ఎవరికైనా? ఊరికి పొద్దున్నే రొట్టె కావాలి. మీ నాన్ననడుగు, పెళ్ళైన కొత్తలో మేమెక్కడికైనా వెళ్ళామేమో."

మామగారు కంచంలోకి చూస్తూ, "వెళ్ళలేదు" అన్నారు. ఉప్పు గిన్నె తీసుకుని, వేసుకోకుండానే మళ్ళీ అక్కడే పెట్టారు.

మా ఆయన వదల్లేదు. ఎప్పటికైనా వెళ్ళనిస్తావా లేదా, ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నాడు. అత్తగారు చుట్టూ చూశారు. ఆవిడ చూపు పటం మీదికీ, అక్కణ్ణుంచి బకెట్టులో తెడ్డు మీదికీ వెళ్ళింది.

"అదిగో, ఆ తెడ్డు చిగురేసిన రోజున వెళ్దురుగాని" అని లేచి చెయ్యి కడుక్కున్నారు.

మా ఆయన నిరసన మొదలుపెట్టాడు. నోటితో ఏమీ అనలేదు. మర్నాడు రొట్టెల్ని పడవల్లాగా చేశాడు. ఆ మర్నాడు చేపల్లాగా. తర్వాత పీతలు. ఎండుద్రాక్షలు కళ్ళుగా పెట్టి, ఆ కళ్ళు తల్లివైపే చూసేలా పళ్ళేల్లో పేర్చాడు. అత్తగారు అన్నీ కొట్టులోకి పంపించారు. పొద్దెక్కకుండానే అమ్ముడైపోయాయి. సాయంత్రం కొడుకుని పిలిచి, పీతలు ఇంకా అడుగుతున్నారు, రేపు ఎక్కువ చెయ్యి అన్నారు. నిరసన అలా వ్యాపారంలో కలిసిపోయింది. నేను ఓదార్చడానికి వెళ్ళాను. ఆ రోజు నా వీపు మీద రెండు చేతులు.

నవదిన ప్రార్థనలు మొదలయ్యాయి. సాయంత్రం బట్టీ ముందు నిలబడి, చెమటలు కక్కుతూ, అత్తగారు చదువుతుంటే మేము బదులు చెప్పేవాళ్ళం. అందరూ కళ్ళు మూసుకునేవారు. నేను మా ఆయన మొహం చూడటానికి ఒక కన్ను తెరిచి ఉంచేదాన్ని. అలాంటి ఒక సాయంత్రం, ఆయన భుజం పక్కగా, తెడ్డు కర్ర మీద పచ్చటి చుక్క ఒకటి కనిపించింది. చెప్పవలసిన బదులు మరిచిపోయాను. మొగ్గ. దాని కింద ఇంకొకటి, కాస్త విప్పుకుని, ముడతలు పడ్డ చిన్ని ఆకు.

ప్రార్థన అవగానే వేలు ఇసుకలో పెట్టి చూశాను. లోపల తడిగా ఉంది. బట్టీ పక్కన, ఆ వేసవిలో, బకెట్టులో ఇసుక ఎముకలా ఎండిపోయి ఉండాలి. ఎవరో నీళ్ళు పోస్తున్నారు.

మా ఆయన్ని మెట్ల కిందకి లాక్కెళ్ళాను.

"మీరేనా?"

"నేననుకున్నాను నువ్వని" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. "నీ చదువు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చిందని ఎంత మురిసిపోతున్నానో."

నేను కాదన్నాను. ఆయనా కాదన్నాడు. బిషప్పుగారి మీద ఒట్టు వేశాడు. ఇక మిగిలింది మామగారు. మర్నాడు కొట్టులో ఎవరూ లేకుండా చూసి మెల్లగా అడిగాను. ఆయన పేపరు కిందకి దించి నా వైపు చూశారు. "నేను ఈ కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్ళడం నువ్వెప్పుడైనా చూశావా అమ్మా?" చూడలేదు. అంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది?

అత్తగారికి మా ఆయనే చూపించాడు, వినయమంతా మొహానికి పులుముకుని. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, వంగి, చాలాసేపు చూశారు. "ఊఁ" అన్నారు. వెళ్ళి పిండి తూచుకున్నారు.

ఆ ఊఁకి అర్థమేమిటో తేలకముందే సంగతి వీధిలోకి పాకింది. పొద్దున్నే కొట్టు ముందు జనం. రొట్టె కోసం కాదు, తెడ్డు కోసం. వీధి చివర దర్జీ భార్య మోకాళ్ళ నొప్పులకని ఒక ఆకు అడిగింది. ఉన్నవే ఆరాకులు, ఒక్కో మోకాలికి ఒక్కోటి ఇస్తే బిషప్పుగారికి ఏం మిగులుతుందని అత్తగారు ఆవిడకి పీత రొట్టె ఇచ్చి పంపారు. పటం ముందు కొవ్వొత్తులు పెట్టారు, బట్టీ వేడికి అవి వెలిగించకుండానే కరిగాయి. వడ్రంగి వచ్చి తెడ్డు ముందు మోకరించాడు. లేచాక, నేను చేసిన కర్రే అని అందరితోనూ చెప్పాడు. మంచం సంగతి కూడా చెప్పాడు. మంచం కాళ్ళు కూడా ఒకసారి చూసుకొమ్మని మా ఆయనకి సలహా ఇచ్చాడు.

మా ఆయన ఆనందానికి అంతు లేదు. అటక మీంచి సంచి దించాడు. నేను పైకి నవ్వుతున్నాను గాని, లోపల ఒకటే గుబులు. ఇది పచ్చి కొమ్మ. తడి ఇసుక, పక్కన వెచ్చటి బట్టీ. మల్బరీ కొమ్మ ఎక్కడ గుచ్చితే అక్కడ చిగురిస్తుంది, మొదటి సంవత్సరం పాఠం. ఈ ముక్క ఇంట్లో నాకు ఒక్కదానికే తెలుసు. నోరు విప్పితే సముద్రం పోతుంది. విప్పకపోతే దర్జీ భార్య ఎలాగోలా ఆకు సంపాదించి మోకాలికి కట్టుకుంటుంది.

పండగనాడు ఫాదర్ గారు వచ్చారు. భారీ మనిషి, నెమ్మదస్తుడు. బట్టీ గదిలోకి రాగానే ఆయన కళ్ళజోడు ఆవిరి పట్టింది. తుడుచుకుని తెడ్డు చూశారు. మళ్ళీ తుడుచుకున్నారు. వీధి వీధంతా గుమ్మంలో నిలబడి ఆయన మొహమే చూస్తోంది. అద్భుతమంటే పైవాళ్ళకి చెప్పాలి, కాదంటే వీళ్ళకి చెప్పాలి. రెండూ కష్టమే. ఆయన చూపు నా మీద పడింది.

"అమ్మా, నువ్వు చెట్ల చదువు చదివావట కదా. నువ్వేమంటావు?"

అందరూ నా వైపు తిరిగారు. ఫాదర్ గారి వెనక మా ఆయన చెయ్యి గాల్లో మెల్లగా పైకీ కిందకీ ఆడిస్తున్నాడు. అలలు. నేను ఆ చేతి వైపు చూశాను. పటంలో బిషప్పుగారి వైపు చూశాను. ఆ రోజే తుడిచిన మొహం, నిగనిగలాడుతోంది.

"పచ్చి కొమ్మండీ" అన్నాను. "తడీ, వెచ్చదనం దొరికితే చిగురిస్తుంది."

అలలు ఆగిపోయాయి. దర్జీ భార్య నిట్టూర్చింది. ఫాదర్ గారి భుజాలు మాత్రం బరువు దించుకున్నట్టు కిందకి దిగాయి. అయితే అద్భుతం కాదన్నమాట అన్నారు, ఎవర్నీ నొప్పించని గొంతుతో.

"అద్భుతమని నేనన్నానా ఫాదర్?" అన్నారు అత్తగారు. "చిగురేస్తే వెళ్ళమన్నాను. చిగురేసింది. దేవుడు వేయించాడా, వడ్రంగి వేయించాడా అని నేను షరతేమీ పెట్టలేదు."

ఫాదర్ గారు ఆవిడ వైపు కాసేపు చూసి, తెడ్డుని ఆకులతో సహా ఆశీర్వదించారు. ఆకులున్న తెడ్డుని బట్టీలో దించలేం కాబట్టి పాత తెడ్డుకి ఇంకో ఏడాది ఆయుష్షు దొరికింది. ఆయనకి రెండు పడవలూ ఒక చేపా కట్టి ఇచ్చాం.

జనం వెళ్ళాక మా ఆయన నన్ను బట్టీ ముందే గిరగిరా తిప్పాడు. నిజం చెప్పినా సముద్రం దక్కిందని ఇద్దరం నవ్వుకుంటుంటే, అత్తగారు బల్ల తుడుస్తూ అన్నారు.

"జాడీకి మూత బిగుతుగా ఉండాలి. బస్సులో కుదుపులు."

మా ఆయన నన్ను కిందకి దించాడు. "ఏ జాడీ అమ్మా?"

"తల్లిపిండి. మనతోటే తీసుకెళ్దాం. కొట్టు మూశాక ఇక్కడ కూర్చుని నేనేం చెయ్యాలి, గోడలకి రొట్టెలమ్మాలా?"

మా ఆయన మొహం బట్టీలో మరిచిపోయిన రొట్టెలా అయింది. నాకు మాత్రం నవ్వాగలేదు. ముందు గదిలో కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. మామగారు లేచారు. మేకు మీంచి గడ్డిటోపీ తీసి, నా బ్రష్షుతో దుమ్ము దులుపుతున్నారు.

"ఆయన టోపీకి వయసెంత?" అని మా ఆయన్ని అడిగాను.

"ఏమో. తల్లిపిండంత ఉంటుంది" అన్నాడు. అంటే వాళ్ళ పెళ్ళినాటిది. అప్పుడు అర్థమైంది నాకు.

మర్నాడు పొద్దున తలుపుకి తాళం వేశాక అత్తగారు ఏదో మరిచిపోయానని మళ్ళీ తీసి లోపలికి వెళ్ళారు. గొడుగు గుర్తొచ్చి వెనకాలే నేనూ వెళ్ళాను. ఆవిడ బట్టీ ముందు ఉన్నారు. తాగగా మిగిలిన గ్లాసుడు నీళ్ళు, రోజూ చేసే పనిలాగా చూడకుండానే, బకెట్టులో ఇసుక మీద పోస్తున్నారు. పోసి, పటం వైపు చూసి, "మూడు రోజులు ఎవరు పోస్తారు మరి?" అన్నారు. ఇంకో గ్లాసు ముంచి పోశారు.

నేను గొడుగు తీసుకోకుండానే బయటికి వచ్చేశాను. దొరకలేదా అన్నాడు మా ఆయన. ఎండేమీ లేదులే అన్నాను. ఎండ మాడ్చేస్తోంది.

బస్సులో తల్లిపిండి జాడీ మామగారి ఒళ్ళో కూర్చుంది. వేడికి దానికి ఉత్సాహం ఎక్కువై, సగం దారిలో మూత ఎగదన్ని బయటికొచ్చింది. ఆయన టోపీ బోర్లించి అదిమి పట్టుకున్నారు. టోపీ కూడా లేచింది. అత్తగారు అందరి ముందూ దాన్ని కోప్పడ్డారు. వెనక సీటాయన పాపకి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

సముద్రాన్ని గురించి నేనేం చెప్పను? నా నాచు బొమ్మల్లో ఒక్కటీ అసలుదానికి సరిపోలేదు, అదీ సంతోషంగానే ఉంది. మా ఆయనా నేనూ చేతులు పట్టుకుని పరిగెత్తాం. అత్తగారు మడమలు తడిసేంతవరకే వెళ్ళి, వంగి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నారు.

"ఉప్పెక్కువైంది" అన్నారు. ఇంకో నాలుగు అడుగులు లోపలికి వెళ్ళారు.

ఆ సాయంత్రం బసకి తిరిగి వస్తుంటే ముందు వాళ్ళిద్దరూ, వెనక మేమూ. మా ఆయన చేతులకి పిండి లేదు కాబట్టి నా వీపు శుభ్రంగా ఉంది. ఆ సంతోషంలో తల ఎత్తి చూద్దును కదా, మా అత్తగారి వీపు మీద, సరిగ్గా మధ్యలో, ఐదు వేళ్ళూ విడివిడిగా కనిపించే ఇసుక చెయ్యి.

అలవాటుగా బ్రష్షు కోసం చెయ్యి చాచాను. అది ఇంట్లో మేకుకే ఉండిపోయింది. నేను మెల్లగా దగ్గాను. మామగారు వెనక్కి తిరిగి చూడకుండా, టోపీ కాస్త ముందుకి లాక్కున్నారు.